గొలుసు రెండో కొస

అద్దంకికీ నరసరావుపేటకీ నడుమ, నల్లరేగడి నేల మీద ఒక ఊరు. ఆ ఊళ్లో ఎదురెదురుగా రెండిళ్లు. ఒకదాన్ని తూర్పిల్లు అనేవాళ్లు, ఇంకోదాన్ని పడమటిల్లు. నడిమి వాకిలి ఉమ్మడి. ఒకరింట్లో శ్రీరామనవమికి పానకం కలిపితే చెంబు ఎదురింటికి వెళ్లేది. ఒకరింట్లో రంజానుకి సేమియా వండితే గిన్నె ఎదురింటికి వెళ్లేది. పానకం ఏ ఇంటిదో, సేమియా ఏ ఇంటిదో నేను చెప్పను. చెబితే చదివేవాళ్లు వెంటనే ఒక పక్కకి చేరి కూర్చుంటారు. ఇది అలా కూర్చుని వినే కథ కాదు.

రెండిళ్లవీ చిన్న కమతాలే, పక్కపక్క చేలే. ఒక్కో ఇంటికి ఒక్కో ఎద్దు. ఒంటెద్దుతో అరక సాగదు గనక తాతల నాడే పొత్తు కలిశారు. తూర్పింటి మైలది ఎలపట, పడమటింటి పాలది దాపట. కాడి మరిగిన నాటి నుంచీ మైలది కుడివైపే నడిచింది, పాలది ఎడమవైపే. నాగలైనా గుంటకైనా గొర్రైనా బండైనా అదే వరస. చాలు చివరికి రాగానే, తోలేవాడు నోరెత్తకుండానే పాలది నిలబడేది, మైలది చుట్టి తిరిగేది. గొర్రు తోలే రోజున ఒకరింటి మగమనిషి పగ్గాలు పడితే, ఇంకొకరింటి ఇల్లాలు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజ వదిలేది.

మిరపకాయ కోతకొచ్చాక చెరువు కట్ట కింద కల్లం చేసేవాళ్లు. నేల చదును చేసి, పేడతో అలికి, ఆరాక కాయ పరిచేవాళ్లు. రెండు చేల కాయా ఒకటే కల్లం. పగలు ఎండకి తిరగేయడం, పొద్దుగూకగానే మంచు పడకుండా పోగేసి కప్పడం, తెల్లారి మళ్లీ పరవడం. పల్లె నుంచి కూలి ఆడవాళ్లు వచ్చి కూర్చుని తాలు ఏరేవాళ్లు. ఎర్రకాయ ఒక పక్క, తెల్లబారిన తాలుకాయ ఒక పక్క. సంచులకెత్తి గుంటూరు తోలి, డబ్బు చేతికొచ్చాక ముందు అప్పు తీర్చేవాళ్లు, తర్వాత కూలి ఇచ్చేవాళ్లు, మిగిలింది సగం సగం.

తగాదాలు లేవని కాదు. ఒక ఏడు బండి ఇరుసు విరిగి, ఎవరు ఎక్కువ బరువేశారని రెండిళ్ల పెద్దలూ మాటలు మానుకున్నారు. తొలకరి పడగానే ఎద్దుల్ని కలపాల్సి వచ్చింది. కాడి కట్టేటప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మూడో రోజుకి, "బావా, ఆ పలుపు కాస్త సడలించు, దాని మెడ ఒరుసుకుపోతోంది" అన్నాడు ఒకాయన. రెండో ఆయన సడలించాడు. అక్కడితో ఆ తగాదా పోయింది.

ఊరి మీద శిస్తు హక్కు ఒక దివాణానిది. దివాణం ఎక్కడో దూరాన ఉండేది. ఆ ఊరివాళ్లెవరూ దాని గడప చూడలేదు. మొదట్లో రెండిళ్లకీ ఒకటే చిట్టా. కొన్నాళ్లకి దివాణం వారు తూర్పింటికో చిట్టా, పడమటింటికో చిట్టా పెట్టారు. తగువొస్తే తూర్పింటి తరఫున తూర్పింటివాడే రావాలి, పడమటింటి తరఫున పడమటింటివాడే రావాలి అన్నారు. చేలో కలిసి దున్నేవాళ్లు కచేరీలో విడివిడిగా నిలబడటం అలా అలవాటైంది. ఏ ఇంటికి ఎంత దక్కిందో తెలియాలంటే ఎదుటి ఇంటి చిట్టా చూడాలి. చూసినకొద్దీ అనుమానం పెరిగింది.

చివరికి ఒకనాడు దివాణం, "మేం ఈ ఊరు వదిలి పోతున్నాం. పోయేలోగా ఎవరి హక్కు ఎంతో తేలుస్తాం. వచ్చే ఏడు కోతల దాకా గడువు" అని చాటింపు వేయించింది. నెల తిరగకముందే ఇంకో చాటింపు వచ్చింది: వచ్చే ఏడు కాదు, ఈ కల్లాలు ఎత్తేలోగానే.

రెండిళ్లలో ఒక ఇంట మనుషులు తక్కువ, ఒక ఇంట ఎక్కువ. తక్కువున్న ఇంట్లో ఆ రాత్రి ఒక ప్రశ్న పుట్టింది. దివాణం పోయాక కల్లం మీద మాట ఎవరిది? పెద్దాయన ఆ ప్రశ్నని మనసులో దాచుకోలేక తెల్లారి ఎదురింటికి వెళ్లి అడిగాడు. ఎదురింటి పెద్దాయన నవ్వాడు. "ఇన్నాళ్లూ ఎవరిదో ఇప్పుడూ వాళ్లదే. దానికి భయమెందుకు బావా?" అన్నాడు. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు. విన్నవాడికి ఆ మాటలో తనకి చోటు కనపడలేదు. లేచి వచ్చేశాడు. ఆ పొద్దు ఇద్దరూ ఇంకో గడియ కూర్చుని, ఎదురింటాయన "సరే, మాట ఎవరిదో ఇప్పుడే కాయితం మీద రాసుకుందాం, నీకే భయం వద్దు" అని ఉంటే కథ ఇంకోలా నడిచేదేమో. కూర్చోలేదు.

అప్పటికే రెండిళ్లలోనూ టౌన్లో చదువుకున్నవాళ్లు ఒక్కొక్కరున్నారు. ఒకడు కొడుకు, ఒకడు అల్లుడు. కల్లంలో కాయ తిరగేసినవాళ్లు కాదు. దివాణం కచేరీకి వెళ్లి మాట్లాడేది మాత్రం వాళ్లే. "పంచేయండి" అన్నాడొకడు. "పంచితే పంచండి గానీ త్వరగా పంచండి" అన్నాడు ఇంకొకడు. దివాణానికి కావలసిందీ అదే.

కొలతలు వేసే అమీను వచ్చాడు. మిరప చెట్టు ఎట్లా ఉంటుందో ఎరగని మనిషి. చేలో దిగలేదు, ఎండకి తట్టుకోలేక ట్రావెలర్స్ బంగళాలోనే కూర్చుని పటాలు తిరగేశాడు. రెండిళ్ల తరఫునా చెరి ఇద్దరు ప్లీడర్లు కూర్చున్నారు. ఈ ఇద్దరు అవునన్నదాన్ని ఆ ఇద్దరు కాదన్నారు. ఆఖరికి గీత ఒక్కడి చేతిలోనే మిగిలింది.

ఆ గీత పటం మీద చక్కగానే ఉంది. నేల మీద బావి తూర్పుకి పోయింది, నీళ్లు పారే కాలవ పడమటికి పోయింది. గొర్రు ఒకరికి, జడ్డిగం ఒకరికి. కల్లం నట్టనడుమ నుంచి గీత పోయింది. అక్కడ రెండు చేల కాయా అప్పటికే కలిసిపోయి ఎండుతోంది. మైలది తూర్పుకి, పాలది పడమటికి.

పటం చుట్టి అమీను పెట్టెలో పెట్టి తాళం వేశాడు. దివాణం వారికి ఊళ్లో వీడ్కోలు విందు ఉంది, అది సజావుగా జరగాలి, గీత సంగతి విందయ్యాక చెప్పాలని పై నుంచి హుకుం. గొలుసుతో కొలిచారు గాని రాళ్లు ఎక్కడ పడతాయో ఎవరికీ చెప్పలేదు. విందు జరిగింది, దీపాలు పెట్టారు. తమ ఇల్లు ఏ పక్కకి వచ్చిందో తెలియకుండా ఊరు రెండు రాత్రులు పడుకుంది.

ఆ రెండో రాత్రి కల్లంలో నిప్పు పడింది.

ఎవరు అంటించారో తేలలేదు. ఎండిన మిరపకాయ అంటుకుంటే మంట కన్నా ముందు పొగ లేస్తుంది. ఇంట్లో పోపులో ఒక్క కాయ మాడితేనే వీధి చివరిదాకా దగ్గుతారు. అక్కడ మాడింది రెండు కుటుంబాల ఏడాది పంట. కళ్లు తెరవలేక, ఊపిరి తీయలేక జనం ఎటు పరిగెడుతున్నారో తెలియకుండా పరిగెత్తారు. ఆ పొగలో ఎదురొచ్చిన ప్రతి మనిషీ నిప్పు పెట్టినవాడిలాగే కనిపించాడు. కొడవళ్లు లేచాయి. లేవలేని ముసలమ్మ ఒకామె మంచం మీదే ఊపిరాడక పోయింది. ఆమె రెండిళ్ల పిల్లలకీ బొడ్డు కోసిన మనిషి. పదిహేనేళ్ల కుర్రాడు తడి గోనె తీసుకుని కల్లం వైపు పరిగెడుతుంటే ఎదురింటాయన బండి నొగతో కొట్టాడు. ఆ పిల్లవాణ్ణి కోటప్పకొండ తిరనాళ్లకి భుజాన ఎక్కించుకు తీసుకెళ్లి ప్రభలు చూపించిన మనిషి ఆయనే. మంటలు ఆరాక, పడిపోయినవాడి చేతిలో ఉన్నది కాగడా కాదు, నీళ్లోడుతున్న గోనె అని చూసి, నొగ అక్కడే పడేసి కూర్చుండిపోయాడు.

తెల్లారి రాళ్లు పాతారు.

గీతకి అటు పడినవాళ్లు ఇటు రావాలి, ఇటు పడినవాళ్లు అటు పోవాలి. సామాను బండికెత్తారు. కాడికి ఒక పక్కే ఎద్దు ఉంది. రెండో పక్క మనిషి మెడ పెట్టాడు. రెండు దిక్కులా రెండు బళ్లు అలాగే పోయాయి, ఒక్కో కాడి కింద ఒక ఎద్దూ ఒక మనిషీ.

తొలకరి పడింది. తూర్పింటివాళ్లు అప్పుచేసి ఇంకో ఎద్దుని కొన్నారు. అదీ ఎలపటకి మరిగిందే. దాన్ని దాపట కడితే చాలు చాలుకీ లోపలికి తోసుకొచ్చింది. పడమటింటి పాలది కొత్త జోడుతో నాలుగడుగులు వేసి ఆగేది. కొట్టారు. కొడితే కదిలింది గానీ చాలు తిన్నగా రాలేదు. విత్తనం సగం చెక్క మీదే పడింది. ఆ ఏడు రెండిళ్లవాళ్లూ ఒకే షావుకారు దగ్గర అప్పు చేశారు. ఎరువుకి కాదు, గీత దగ్గర రాత్రి కాపలా పెట్టడానికి. లాంతర్లకీ కిరసనాయిలుకీ కాపలావాళ్ల జీతాలకీ చేసిన ఖర్చు విత్తనానికి చేసిన ఖర్చుని మించింది. అమీను తన కాయితాలన్నీ తగలబెట్టి ఊరెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

కోతల కాలానికి తాలు ఏరే ముసలి కూలి మనిషి ఒకామె రచ్చబండ దగ్గరికి వచ్చింది. మునసబు, కరణం, బడిపంతులు, షావుకారు అందరూ అక్కడే ఉన్నారు. "అయ్యా, ఏటా రెండు నెలలు మాకు ఆ కల్లం కూడు పెట్టేది. ఇప్పుడు మాకు పనెక్కడ?" అంది. ఎవరూ మాట్లాడలేదు. "ఎక్కణ్నుంచో వచ్చినవాడు గీత గీసిపోతే మేమేం చేస్తామే" అన్నాడు కరణం.

"గొలుసు నూరు లంకెలు గదయ్యా. ఒక్కడు పట్టుకుంటే సాగదు. ఒక కొస అమీను బంట్రోతు పట్టాడు. రెండో కొస పట్టినవాడు మన ఊరివాడే. నా మనవడు. ఒక పూట తూర్పింట, ఒక పూట పడమటింట తిని పెరిగినవాడు. రోజుకి రూపాయి ఇస్తామంటే నేనే పంపాను. ఆ రూపాయితో నూకలు కొనుక్కున్నాం" అంది. ఆమె కంటి వెంట నీరు రాలేదు. "నేను ఆకలికి పంపాను. అమీనుకి పాత అడంగళ్లు తీసిచ్చినవారు తమరు, రాళ్లు అమ్మినవారు షావుకారుగారు. మీకేం ఆకలైందయ్యా?"

కథ ఇంతే. దీనికి నీతి ఇది. గీత గీసేవాడు బయటి నుంచి రావచ్చు, గొలుసు రెండో కొస మాత్రం ఎప్పుడూ ఊరివాడి చేతిలోనే ఉంటుంది.

ఈ కథ కల్పితమే గాని, 1947 దేశ విభజనలో నిజంగా జరగనిది ఇందులో చాలా తక్కువ. దివాణమంటే బ్రిటిష్ ప్రభుత్వం, రెండు చిట్టాలంటే 1909 నాటి మింటో-మార్లే సంస్కరణలు. ముస్లిం ఓటర్లు ముస్లిం అభ్యర్థినే ఎన్నుకునే ప్రత్యేక నియోజకవర్గాలు అప్పుడే వచ్చాయి. 1946లో రాష్ట్రాల శాసనసభలకి ఎన్నికలు జరిగితే ఓటు ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాళ్లకే. అలా గెలిచిన సభ్యులే 1947 జూన్‌లో పంజాబు, బెంగాలు చీలికకి ఓటేశారు. చేలో దున్నేవాణ్ణి, ఇంట్లో వండే ఆవిడని ఎవరూ అడగలేదు.

కుదించిన గడువూ నిజమే. 1948 జూన్‌లోగా వెళ్లిపోతామని 1947 ఫిబ్రవరి 20న బ్రిటిష్ ప్రధాని అట్లీ ప్రకటించాడు. మౌంట్‌బాటెన్ వైస్రాయిగా వచ్చాక జూన్ 3న విభజన ప్రణాళిక, ఆగస్టు 15కే అధికార బదిలీ. సిరిల్ రాడ్‌క్లిఫ్ అనే లండను న్యాయవాది అంతకుముందెప్పుడూ మన దేశం రాలేదు. ఆయన జులై 8న దిగాడు. పంజాబుకీ బెంగాలుకీ రెండు సరిహద్దు కమిషన్లు వేశారు. ఒక్కోదానిలో కాంగ్రెస్ తరఫున ఇద్దరు, ముస్లిం లీగ్ తరఫున ఇద్దరు న్యాయమూర్తులు. వాళ్లకి పొత్తు కుదరలేదు, గీత రాడ్‌క్లిఫ్ ఒక్కడే గీశాడు. అయిదు వారాల్లో, పాత పటాలూ 1941 జనాభా లెక్కలూ ముందేసుకుని గీశాడు. గీత సిద్ధమైనా ఆగస్టు 17 దాకా బయటపెట్టలేదు. రెండు దేశాలూ జెండాలు ఎగరేసిన రోజున, తాము ఏ దేశంలో ఉన్నామో తెలియని ఊళ్లు పంజాబులో, బెంగాల్లో ఎన్నో. రాడ్‌క్లిఫ్ తన కాయితాలు తగలబెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ ఇటు రాలేదు.

కోటి మందికి పైగా ఇళ్లు వదిలారు. చచ్చిపోయినవాళ్ల లెక్క రెండు లక్షల నుంచి పది, ఇరవై లక్షల దాకా చెబుతారు. లెక్కే ఇంత దూరం ఊగుతోందంటే, పోయినవాళ్లని లెక్కపెట్టే మనిషి కూడా మిగల్లేదని అర్థం. ఎత్తుకుపోయిన ఆడవాళ్ల సంఖ్య అప్పటి అధికారిక అంచనాల ప్రకారమే ఇండియా వైపు 50 వేల మంది ముస్లిం స్త్రీలు, పాకిస్తాన్ వైపు 33 వేల మంది హిందూ, సిక్కు స్త్రీలు. వాళ్లని వెనక్కి తేవడానికి 1949లో ఏకంగా చట్టం చేయాల్సి వచ్చింది. తెచ్చాక గడప తొక్కనివ్వని పుట్టిళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ గడప దగ్గర అడ్డం నిలబడ్డది రాడ్‌క్లిఫ్ కాదు.

ఎద్దుల జోడు విడిపోవడం గురించి పత్తి పండించే మనకి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. మంచి పత్తి పండే పశ్చిమ పంజాబు, సింధు అటు పోయాయి. ఆ పత్తి తినే బొంబాయి, అహమ్మదాబాదు మిల్లులు ఇటు మిగిలాయి. జనపనార పంట ఎక్కువ భాగం తూర్పు బెంగాల్లో, దాన్ని నేసే మిల్లులు దాదాపు అన్నీ కలకత్తా చుట్టూ. కాలవ సంగతి మరీ ఘోరం. 1948 ఏప్రిల్ 1న తూర్పు పంజాబు ప్రభుత్వం పశ్చిమ పంజాబుకి పోయే కాలవలు కట్టేసింది. మే నెలలో ఒప్పందం కుదిరాకే నీళ్లు వదిలారు. సాగర్ కుడికాలవ చివరి భూముల్లో, నీళ్లు రేపొస్తాయో ఎల్లుండొస్తాయో అని లాకుల వైపు చూస్తూ నిలబడ్డ రైతుకి, గేటు వేరే దేశం చేతిలో ఉండటమంటే ఏమిటో తెలుస్తుంది. సింధు జలాల ఒప్పందం కుదరడానికి 1960 దాకా పట్టింది.

అదంతా పంజాబు, బెంగాలు గొడవ, మనకేం సంబంధం అనేవాళ్లున్నారు. వాళ్లని పల్నాడు తీసుకెళ్లి కృష్ణ ఒడ్డున నిలబెట్టాలి. అవతలి గట్టు నల్లగొండ. 1948 దాకా అది నిజాం రాజ్యం. నిజాం కొమ్ము కాసిన రజాకార్ల దౌర్జన్యానికి తాళలేక జనం నది దాటి ఇటు కృష్ణా, గుంటూరు జిల్లాలకి వచ్చి తలదాచుకున్నారు. ఓరుగల్లు ప్రాంతంలోని బైరాన్‌పల్లి మీద రజాకార్లూ నిజాం బలగాలూ పడి ఊరివాళ్లని వరసగా కాల్చి చంపింది 1948 ఆగస్టు 27న. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ కథ అక్కడ ఆపేసి చెప్పుకోవడం మనకి అలవాటు. దాని తర్వాతి వారాల్లో, ముఖ్యంగా మరాఠీ, కన్నడ జిల్లాల్లో రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం కుటుంబాలు ఊళ్లకి ఊళ్లు బలయ్యాయి. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికని దశాబ్దాలు జనం ముందు పెట్టలేదు. బైరాన్‌పల్లి గురించి చెప్పేవాడు సుందర్‌లాల్ నివేదిక గురించి చెప్పడు, ఆ నివేదిక గురించి చెప్పేవాడు బైరాన్‌పల్లి ఎత్తడు. ఇదీ రెండు చిట్టాల అలవాటే. చచ్చినవాళ్లని ఒకే చిట్టాలో రాసుకునే దాకా మనకి ఈ రోగం నయం కాదు.

గుంటూరు నడిబొడ్డున, మహాత్మాగాంధీ రోడ్డు మీద జిన్నా టవర్ ఉంది. 1940లలో కట్టింది. విభజన ముందు, విభజన నాడు, ఆ తర్వాత పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధాల్లోనూ అది అలాగే నిలబడింది. ఆ పేరు ఆటోవాడికీ బస్సు కండక్టరుకీ ఒక స్టాపు పేరు, అంతే. 2022లో దాని పేరు మార్చాలని రచ్చ లేచింది. జనవరి 26న కొందరు అక్కడ జెండా ఎగరేస్తామని వెళితే పోలీసులు ఆపారు. ఫిబ్రవరిలో టవర్‌కి మూడు రంగులు వేసి, ప్రభుత్వమే జెండా ఎగరేసింది. జెండా ఎగరడం మంచిదే. ఏ స్తంభం మీదైనా ఎగరవచ్చు. కానీ డెబ్బై ఏళ్లకి పైగా ఎవరినీ ఏమీ అనని కట్టడం ఒక్క నెలలో పోలీసుల కాపలా పెట్టాల్సిన చోటైంది. ఆ పేరు ఉండాలనే నా అభిప్రాయం. దేశాన్ని చీల్చమన్న మనిషి పేరున్న స్తంభాన్ని కూడా తమ మధ్య ఉంచుకుని కలిసి బతికిన ఊరు గుంటూరు. ఆ గొప్ప ఈ ఊరిది. దాన్ని చెరిపేసుకోవడం వల్ల ఎవరికి లాభమో నాకు తెలియదు.

ఈ నేల మీద జోడు ఇంకా విడిపోలేదు. అందుకే ఇంత చెబుతున్నాను. పత్తి పండే ఈ నేలలోనే తరతరాలుగా పత్తి ఏకిన దూదేకుల కుటుంబాలున్నాయి. నమాజు చేస్తారు, ఇంట్లో మాట్లాడేది తెలుగు, చాలామంది ఇంటిపేర్లు తెలుగు, చాలా పెళ్లిళ్లలో నిఖా చదువుతారు, తాళీ కడతారు. గీత గీసేవాడు వాళ్లని ఏ పక్కన నిలబెడతాడు? పెదకాకానిలో మల్లేశ్వరస్వామి గుడి ఉంది, బాజీబాబా దర్గా ఉంది. బిడ్డకి జబ్బు చేస్తే రెండు చోట్లా మొక్కుకునే తల్లులు నేటికీ ఉన్నారు. మస్తాన్‌రావులూ మస్తానమ్మలూ హిందువుల ఇళ్లలో ఎందరో. ఏ తాతమ్మో దర్గాలో మొక్కుకుంటే పుట్టినవాళ్లకి పెట్టిన పేర్లవి. చాలా ఊళ్లలో పీర్లు లేచిన రోజున గుండం చుట్టూ తిరిగేవాళ్లలో సాయిబుల ఇళ్లవాళ్ల కన్నా మిగతావాళ్లే ఎక్కువ. ఒక్క సాయిబు ఇల్లయినా లేని కొన్ని ఊళ్లలోనూ పీర్ల చావిడి ఉంది. మిర్చియార్డుకెళితే టిక్కీ విప్పి కాయ రంగు చూస్తారు, తేమ చూస్తారు, తాలు ఎంతుందో చూస్తారు. రైతు ఎవరికి దండం పెడతాడో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

అమీను ఇప్పుడు పటం చుట్టుకుని రానక్కరలేదు. గీత ఫోన్లో వస్తోంది. ఎక్కడో జరిగిన గొడవ వీడియోని మన వీధిలో జరిగినట్టు పంపిస్తారు. దాన్ని ఇంకో పది మందికి తోసే వేలు మనదే. పలానావాళ్ల కొట్లో కొనొద్దని ఎవరో రాస్తే, మరునాడు ఆ కొట్టు ముందు నుంచి తలొంచుకుని పోయే కాళ్లు మనవే. ఇల్లు అద్దెకి అడగడానికి వచ్చినవాడి పేరు విని "ఖాళీ లేదండీ" అనే నోరు మనదే. అలా అనేవాళ్లు దుర్మార్గులు కారు. భయపడ్డవాళ్లో, మొహమాటపడ్డవాళ్లో, మనకెందుకులే అనుకున్నవాళ్లో. 1947లోనూ ఊళ్లు తగలబెట్టినవాళ్ల సంఖ్య తక్కువే. తలుపులు వేసుకున్నవాళ్లే ఎక్కువ.

తలుపులు తీసినవాళ్లూ ఉన్నారు. పంజాబులో పొరుగింటివాళ్లని ధాన్యపు గదుల్లో దాచి, అడగడానికొచ్చిన సొంత మతంవాళ్ల ముందు అబద్ధమాడి, రాత్రికి రాత్రి గీత దాటించిన ముస్లింలు, సిక్కులు, హిందువులు వందల ఇళ్లలో ఉన్నారు. బతికి బయటపడ్డవాళ్లు చెప్పుకున్న కథల్లో ఎన్నో అలాంటి మనుషులవే. వాళ్లలో చాలామంది నాయకులు కారు. ఇళ్లలో ఉన్న మామూలు మనుషులు, ఆ రాత్రికి గొలుసు కొస పట్టుకోనన్నారు.

మనుషులు ఎక్కువున్న ఇంటివాళ్లకి ఒక మాట. ఎదురింటాయన వచ్చి "నా మాటకి చోటుందా?" అని అడిగితే నవ్వేసి పంపకండి. ఆయన భయం మీకు అర్థం లేనిదిగా కనిపించినా కూర్చోబెట్టి వినండి, ఒప్పుకోగలిగింది కాయితం మీద పెట్టండి. మనుషులు తక్కువున్న ఇంటివాళ్లకి ఒక మాట. మీ భయాన్ని బేరం పెట్టడానికి టౌన్ నుంచి వచ్చే మీవాడినీ ఒక కంట కనిపెట్టండి. కల్లంలో కాయ తిరగేయని చేతులకి పంపకం ఎప్పుడూ తేలిగ్గానే ఉంటుంది.

ఇక అందరికీ కలిపి ఒక విన్నపం. ఈ ఏడు మీ ఊళ్లో ప్రభ కట్టినా, పీర్లు లేచినా, చందా పుస్తకం పట్టుకుని కుర్రాళ్లు ఇల్లిల్లూ తిరుగుతారు. వాళ్లు ఏ గడపైనా దాటేసి పోతున్నారేమో చూడండి. దాటేస్తే ఊరుకోకండి, మర్నాటికి వాయిదా వేయకండి. ఆ కుర్రాళ్లని పేరు పెట్టి పిలిచి, వెనక్కి తీసుకెళ్లి, ఆ ఇంటి తలుపు మీరే తట్టండి.